కాలువ గట్టున నాలుగు సాళ్లు

పాపకు ఆరో నెల నిండుతుంటే నాకు ఒకటే దిగులు పట్టుకుంది. మా ఇళ్లలో బిడ్డ తొలి ముద్ద తల్లి పుట్టింటి పొలంలో పండిన బియ్యంతో పెడతారు. ఆ బియ్యం వస్తాయో రావో తెలియదు.

గిద్దలూరు దగ్గర మా ఊరి చెరువు కింద మాకు రెండెకరాల మడి ఉండేది. సాగు మాది, భూమి ఇనాందారుది. పంటలో సగం ఆయన గాదెకు పోయేది. మిగిలిన సగంతోనే ఏడాదంతా తినేవాళ్లం. నేను గుంటూరులో చుట్టాలింట ఉండి కాలేజీ చదివిన రెండేళ్లూ నాయన రైల్లో మూట పంపేవాడు. దంపుడు బియ్యం, కొంచెం ఎర్రగా ఉండేవి. ఉడుకుతుంటే వచ్చే వాసనకు మా ఊళ్లోనే ఉన్నట్టుండేది.

ఎండాకాలం చివర ఇనాందారు దండోరా వేయించేవాడు. వాగు నుంచి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువలో ఇంటికొకరు పూడిక తీయాలి. రానివాళ్ల మడికి మొదటి తడి ఉండదు. తిట్టుకుంటూనే అందరూ పార పట్టేవాళ్లు. అమ్మ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని నడిస్తే, నేను వెనకాల ఉల్లిపాయల బుట్ట మోసేదాన్ని. మోకాళ్ల దాకా మట్టి పూసుకుని నాయన ఎంత నవ్వేవాడో.

తరువాత మద్రాసులో చట్టం వచ్చింది. సాగుచేసేవాళ్లకే భూమి మీద హక్కు. ఊరంతా బెల్లం పంచారు. ఆ సాయంత్రం నాయన చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగాడు. ఆ సంతోషం తప్పని ఇప్పటికీ అనను. ఇనాందారు ఎదుట నాయన తలగుడ్డ తీసి నిలబడటం నేను చూశాను.

కానీ ఆ తరువాత దండోరా వేయించేవాళ్లు లేరు. కాలువ వెంబడి మెట్ట చేలున్నవాళ్లు దున్నేటప్పుడు గట్టువైపు ఒక సాలు ఎక్కువ వేశారు. మరుసటేడు ఇంకొకటి. మాకూ అక్కడ జొన్నచేను ఉంది. నాలుగేళ్లకు కాలువ ఒక్క అంగలో దాటేంత అయింది. వానలు కురిసినా నీళ్లు చెరువుకు రాక వాగులోనే పోయాయి. వరి మడుల్లో కొర్ర చల్లారు. పోయినేడు అదీ సరిగా పండలేదు.

అన్నప్రాశన ముందు రోజు నాయన మార్కాపురంలోని మా అత్తవారింటికి వచ్చాడు. చంకలో చిన్న మూట. మా అత్త చూసి నవ్వింది.

"ఏందన్నా, భూమి మీదైనాక బండి కట్టుకొని వస్తావనుకుంటి."

"బండికెత్తేంత పండలేదక్కా."

మూట విప్పితే బియ్యం కాదు, వడ్లు.

"ఇవి విత్తనం గింజలు గదా నాయనా?"

"ఇంట్లో ఉండేటివి ఇవే. దంచి పెట్టు పాపకు."

"మరి ఏం చల్లుతావు?"

"చెరువులో నీళ్లుంటే గదా చల్లేది." కాసేపు వడ్లను వేళ్లతో కెలికాడు. "కాలువను నేనూ దున్నినా తల్లీ. నాలుగు సాళ్లు. అందరూ దున్నుతాంటే నేనొక్కన్నే ఎర్రోన్నా అనుకొన్నా."

అత్త లోపలికి వెళ్లి ఆయనకు మజ్జిగ తెచ్చింది.

నేను దోసెడు వడ్లు చాటలో పోసుకుని మిగతావి మళ్లీ మూట కట్టాను.

"నీ నాలుగు సాళ్లు నువ్వు వదిలిపెట్టు నాయనా. ఇవి చల్లు."

"నేనొక్కన్ని వదిల్తే నీళ్లొస్తాయా? కాలేజీలో ఇట్లనే చెప్పినారా?" అన్నాడు. కానీ మూట తీసుకున్నాడు.

దోసెడు వడ్లు దంచితే గుప్పెడు బియ్యం వచ్చాయి. పాప సగం ఉమ్మేసింది. ఆ సగం మెతుకులు నేను ఏరుకుని తిన్నాను. అదే వాసన.

ఈ రోజు మా ఊరి మనిషి సంతకు వచ్చి చెప్పాడు. నాయన ఒక్కడే కాలువలో మట్టి తవ్వుతున్నాడట. గట్టు మీద నలుగురు నిలబడి చూస్తున్నారట. పాప పడుకున్నాక ఇది రాస్తుంటే తట్టింది, వాళ్ల చేతుల్లో పారలున్నాయా అని నేను అడగనే లేదు.