ఇస్త్రీ మామ్మ గారి అన్నయ్య

ఇస్త్రీ మామ్మకు కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు, చొక్కా మీద ముడత చాలు. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసీ చేసీ, చివరికి మనుషుల నుదుటి మీద గీతలు చూసినా ఆవిడ చేతులు దురదపెట్టేవి.

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన జిల్లా సైనికుల ఫోటోలన్నీ వాళ్ళ జ్ఞాపకార్థం కట్టిన కొత్త హాల్లో వరసగా తగిలించారు. మామ్మ అన్నయ్య జన్మలో ఫోటో దిగలేదు. అందుకని ఆయన పేరు రాసి, పైన ఉత్త అద్దం ఫ్రేము పెట్టారు. హాలు కమిటీ ప్రెసిడెంటు అందులో చూసుకుని తల దువ్వుకున్నాడు. అది మామ్మ కంటపడింది.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. కానీ కోపం వెనక భయం ఉంది. అన్నయ్య మొహం తెలిసిన మనిషి ఈ భూమ్మీద తనొక్కతే మిగిలింది. తను పోతే ఆ మొహమూ పోతుంది. మర్నాడే హాలు తెరుస్తారు. ఆవిడ తిన్నగా ఫోటో స్టూడియోకు వెళ్ళి సంగతి చెప్పింది.

"మీ ఇంట్లో ఆయన పోలిక ఉన్నవాణ్ణి తీసుకురండి మామ్మా. నా దగ్గర నాటకాల మిలిటరీ కోటుంది, తొడిగించి ఫోటో తీసేద్దాం" అన్నాడు ఫోటోగ్రాఫరు.

మామ్మ ఇంటిల్లిపాదినీ తోలుకొచ్చింది. ముందు మనవడు కూర్చున్నాడు. కోటు వదులై, వెనక బట్టల క్లిప్పులు పెట్టాల్సి వచ్చింది.

"ఆ ముక్కేంట్రా? అన్నయ్య ముక్కు ఇలా ఉండేది" అని మామ్మ తన ముక్కు పట్టుకు చూపించింది.

కొడుకు కూర్చున్నాడు. ఊపిరి వదలగానే గుండీ తెగి లైటుకు తగిలింది. "చెవులు ఇలా నిలబడేవి" అని మామ్మ తన చెవులు లాగి చూపించింది. అంతలో అల్లుడు కోటు తొడుక్కుని తయారయ్యాడు.

"మీకు రక్తసంబంధం లేదుగా, మీరెందుకు కూర్చున్నారు?"

"ఊరికే ఓ ఫోటో వస్తుంది కదా అత్తయ్యా!"

ఫోటోగ్రాఫరుకు ఓపిక నశించింది. "ముక్కూ మీదే, చెవులూ మీవే. ఆ కోటేదో మీరే తొడుక్కోండి!"

"మరి మీసం మీ తాతిస్తాడా?" అంది మామ్మ. అయినా కోటు లాక్కుని, గుండీ కుట్టి, మనవడి చేత ఇంటినుంచి ఇస్త్రీపెట్టె తెప్పించి, ముడత లేకుండా ఇస్త్రీ చేసింది. ఫోటోగ్రాఫరు కనుబొమల పెన్సిలుతో మీసం గీస్తుంటే ఆవిడకు చక్కిలిగింతలు పుట్టి, మీసం రెండుసార్లు చెవిదాకా పోయింది.

ఫోటో చేతికొచ్చింది. మామ్మ చాలాసేపు చూసింది.

"అన్నయ్యే" అంది. "ఎంత ముసలాడయ్యాడో!" ఏడుపు తన్నుకొచ్చి, ఇంకా చెరపని ఆ మీసం కాస్తా బుగ్గలనిండా పాకింది.

మర్నాడు హాల్లో ప్రెసిడెంటు మామ్మ తెచ్చిన ఫోటో చూసి కంగారుపడ్డాడు. "మామ్మగారూ, పందొమ్మిదేళ్ళకే పోయాడని రాసుంది. ఈ ముసలాయన ఎవరండీ?"

"వాడే బాబూ. ఇంటికి రానిచ్చుంటే ఈపాటికి ఇలా ఉండేవాడు."

ప్రెసిడెంటు గోడమీది మిగతా మొహాల వంక చూశాడు. అందరూ గడ్డాలు కూడా సరిగ్గా రాని పిల్లలే. ఫోటో తనే అందుకుని, ఫ్రేములో పెట్టి మేకుకు తగిలించాడు.