బెల్టు వదులు చేసిన వారం

పంజాగుట్టలో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి బోరబండ నుంచి ఒక మేస్త్రి వచ్చేవాడు. పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయింది. రోజూ భార్య ఆటోలో తీసుకొచ్చేది. ఆమె అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఊడ్చి తుడిచే పని చేసేది. భర్త ఒక్కడే బాత్రూంకి వెళ్లలేడని పని మానుకుంది. నెలాఖరులోగా రాకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటామని అక్కడివాళ్లు చెప్పేశారు.

అంతకు ముందు ఏడాది ఒక పెద్దాయన నా చేతుల్లోంచి జారి పడ్డాడు. దెబ్బ చిన్నదే, భయం మాత్రం నాకు మిగిలిపోయింది. అందుకే మేస్త్రి నడుముకి బెల్టు కట్టి, రెండు చేతులా పైకి లాగి పట్టుకుని నడిపించేదాన్ని. మూడు వారాలు అలాగే. నా అంత జాగ్రత్త ఎవరికుంటుందని కాస్త గర్వం కూడా.

ఒకరోజు ఆయన మధ్యలో ఆగిపోయాడు.

"మేడం, నేను నడుస్తలేను. మీరే మోస్తుండ్రు."

"పడితే ఎవరిది బాధ్యత?" అని కసిరాను.

"స్లాబ్ ఏసినంక కింద ఆనిచ్చిన సెంట్రింగ్ కర్రలు ఎప్పటికీ ఉంచుతమా మేడం? తొందరపడి ఇప్పితే కూలుతది, నిజమే. గాని ఇప్పితేనే గద, స్లాబ్ బరువు స్లాబ్ మోసేది. జర ఒక్కొక్కటే ఇప్పుర్రి."

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నది నేను, పాఠం చెబుతున్నది ఆయన! ఆ పాఠం తప్పని మాత్రం అనలేకపోయాను.

ఆయన ఎడమ మోకాలికి నా మోకాలు అడ్డం పెట్టాను. వెనకాలే కుర్చీ పట్టుకుని ఉండమని భార్యకు చెప్పాను. అప్పుడు బెల్టు లాగడం మానేశాను, చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆయన మోకాలు గజగజ వణికి నా మోకాలికి తగిలింది. తర్వాత తనంతట తానే బిగుసుకుంది. ఆయన బరువు నా చేతుల్లోంచి ఆయన కాళ్లలోకి దిగిపోవడం నాకు తెలిసింది. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి, మనిషి ఒంట్లో ఇంత మహిమ ఉందని ఆ రోజే చూశాను.

వారమంతా అదే పని, రోజుకి కాస్త వదులు. శనివారం ఆయన ఎవర్నీ అడక్కుండా మా బాత్రూం వైపు తిరిగాడు. బెల్టులో వేళ్లు పెట్టి పక్కనే నడిచాను. గుమ్మం దగ్గర గోడకున్న కడ్డీ అందుకుని, "మీరు ఈడనే ఉండుర్రి," అన్నాడు.

"గడియ పెట్టకండి," అన్నాను, వేళ్లు తీస్తూ.

తలుపు మూసుకుంది. నేనూ, ఆయన భార్యా బయట నిలబడ్డాం. కాసేపటికి లోపల నల్లా తిప్పిన చప్పుడైంది, నీళ్లు పడ్డాయి. భార్య కళ్లు తుడుచుకుని కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేసింది.

"సార్, సోమవారం సంది పనికొస్త."