శిక్ష పడిందా: అవును / లేదు

మా తమ్ముడు తాళాలు బాగుచేస్తాడు. బజారు మూలన చిన్న బల్ల, దాని మీద ఆకురాయి, తాళంచెవుల గుత్తులు. మొండికేసిన తాళాన్ని చెవి దగ్గర పెట్టుకుని, చిన్న తీగ ముక్కతో కదుపుతూ వింటాడు. ఆ పనితనమే వాడి కొంప ముంచింది. పక్క వీధిలో ఒకరింట్లో దొంగలు పడ్డారు. తాళం మాత్రం పగల్లేదు. పగలకుండా తీయగలిగింది ఎవరని పోలీసులు అడిగితే, అందరి చూపూ వీడి బల్ల మీద పడింది.

ఆరేళ్ళు జైల్లో ఉన్నాడు. ఆఖరికి అసలు దొంగ ఇంకోచోట దొరికి, అది కూడా నా పనే అన్నాడు. కోర్టు మావాణ్ణి నిర్దోషి అని తేల్చింది. శిక్ష అసలు పడనట్టే లెక్క అనీ, ఎవరూ చూడకుండా రికార్డుకు సీలు వేయమనీ తీర్పులో రాసింది. నేను ఆ తీర్పును దేవుడి పటంలా పట్టుకుని ఇంటికి తెచ్చాను. ఎంత తెలివితక్కువదాన్నో!

ఈలోగా మా మరదలు జ్వరంతో పోయింది. అప్పుడు నేను కాలు విరిగి మంచంలో ఉన్నాను. వాళ్ళ మూడేళ్ళ పిల్లను ప్రభుత్వ హోములో చేర్చారు. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. దాన్ని ఇంటికి తెచ్చుకోవాలని బయటికొచ్చిన మర్నాటి నుంచీ వాడు కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. పోనీ నాకివ్వండి అంటే, మీ ఇంట్లో ఆయన కూడా ఉంటాడుగా అన్నారు.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. ‘మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా? అవును / లేదు.’

“కోర్టే పడనట్టు అన్నాక మీరెందుకు పడిందంటారు? లేదని రాయండి” అన్నాడు వకీలు. తమ్ముడు అలాగే రాశాడు. రెండు నెలలకు హోము వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మ పిలిపించి కంప్యూటరు మావైపు తిప్పింది. దొంగతనం, ఆరేళ్ళు, వేలిముద్రలు, గడ్డం మాసిన ఫొటో, అన్నీ అందులో ఉన్నాయి.

“సీలు వేశారు కదమ్మా?” అన్నాడు తమ్ముడు.

“సీలు బయటివాళ్ళకండీ. ప్రభుత్వానికి కనబడుతుంది.”

“మరి నేను నిర్దోషినని కనబడదా?”

“ఆ సంగతి కోర్టువాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది. మాకు రాదు.”

“ఇందులో ఎక్కించండమ్మా, తీర్పు ఇదిగో.”

“సీలు వేసిన రికార్డును ఎవరూ ముట్టుకోకూడదండీ.”

నాకు ఒళ్ళు మండిపోయింది. చూడొచ్చట, దిద్దకూడదట! తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు గానీ, లేకపోతే ఆ పూట నన్ను కూడా లోపలేసేవాళ్ళు.

తప్పుడు సమాచారం ఇచ్చాడని దరఖాస్తు కొట్టేశారు. రెండోసారి ‘అవును’ అని రాసి, పక్కన చిన్న అక్షరాలతో ‘కానీ నేను చేయలేదు’ అని చేర్చాడు. నేరం ఒప్పుకున్నాడని అదీ కొట్టేశారు. ఆ ‘కానీ’ ఎక్కించడానికి చోటు లేదట. తమ్ముడు ఇంటికొచ్చి గోడకు తల ఆనించి, “ఏం రాయమంటావే అక్కా?” అని ఏడ్చాడు. పుట్టాక వాడు అంతలా ఏడవడం నేను చూడలేదు.

మూడోసారి దరఖాస్తు పెడితే విచారణకు పిలిచారు. అదే ఆఖరు. కాదంటే నెలాఖరుకు పిల్లను పెంపకానికి వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. అంతకు ముందు వారం హోముకు వెళ్ళినప్పుడు నేను పిల్లను దగ్గరకు తీసుకుని చెప్పాను, “ఎవరైనా అడిగితే మా నాన్నకు శిక్ష పడలేదని చెప్పమ్మా.” కోర్టు మాటే కదా చెప్పాను. అయినా నా నోరు పడిపోయినా బాగుండేది.

ఆ రోజు పిల్లను ఒక్కదాన్నే లోపలికి పిలిచి అదే అడిగారు. అది చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. ఆఫీసరమ్మ బయటికొచ్చి, “ఇంత చిన్నపిల్లకు అబద్ధాలు నేర్పిస్తారా? ఇలాంటి ఇంటికి ఎలా పంపమంటారు?” అంది. నేనే నేర్పానని మొత్తుకున్నాను. తీర్పు కాగితం ఆవిడ చేతిలో కుక్కబోయాను. అప్పటికే దరఖాస్తు కొట్టేసిన ఉత్తర్వు మీద సంతకాలైపోయాయి.

పిల్ల సంచీ సర్దుకుని, బూట్లు వేసుకుని వరండాలో నిలబడి ఉంది. వెళ్దామా అన్నట్టు చూసింది. తమ్ముడు దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“నేను తప్పు చెప్పానా నాన్నా?”

“లేదమ్మా. నిజమే చెప్పావు.”

“మరి పంపరా?”

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆయా వచ్చి సంచీ అందుకుంది. పిల్ల వాడి చొక్కా వదల్లేదు.

“పోనీ, మళ్ళీ అడగమను నాన్నా. ఈసారి అవునని చెప్తాను.”