నాయనమ్మ పెట్టిన చురకలు

నా చిన్నప్పుడు నాకొచ్చిన జబ్బు ఒకచోట కుదురుగా ఉండేది కాదు. ఇవాళ మోకాలు, నాలుగు రోజులకు చీలమండ, మరో నాలుగు రోజులకు మోచెయ్యి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నొప్పికి ఏడ్చింది ఎంత నిజమో, రేపు ఇది ఎక్కడికి పోతుందా అని ఎదురుచూసిందీ అంతే నిజం. ఈ పిల్లకు రోగం కూడా తమాషాయేనని మా బాపు విసుక్కునేవాడు.

మాది బోధన్ దగ్గర పల్లె. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి బారులు తీరే చలికాలంలో నాకు గొంతు నొప్పి వచ్చి పోయింది. చెరుకు ఎక్కువ నమిలావని తిట్టి ఊరుకున్నారు. రెండు మూడు వారాలయ్యాక జ్వరం తగిలి, కుడి మోకాలు వాచింది. ముట్టుకుంటే కాలిపోయేది.

వాతానికి మా నాయనమ్మ వైద్యం ఊళ్లో పేరుమోసింది. పసుపు కొమ్మును దీపం మీద ఎర్రగా కాల్చి, వాచిన కీలు పక్కన చురక పెట్టేది. పసుపు పండే జిల్లాలో కొమ్ములకేం కరువు! నాలుగో రోజుకు మోకాలు చల్లబడింది. నాయనమ్మ మురిసిపోతుండగానే ఎడమ చీలమండ వాచింది. "సూసినవా, బుగులువడి ఉరుకుతున్నది" అంది, చురకకు భయపడి నొప్పి పారిపోతోందన్నట్టు. దానికీ ఒక చురక, అదీ తగ్గింది. తర్వాత మోచెయ్యి, దానికీ ఒకటి. ప్రతిసారీ వైద్యం గెలిచింది కానీ నేను మాత్రం మంచం దిగలేదు. చివరికి మణికట్టు వాచి, నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వచ్చేసరికి బాపు ఇక ఆగలేదు. నన్నెత్తుకుని, నాయనమ్మను తోడు తీసుకుని నిజామాబాద్ బస్సెక్కాడు.

దవాఖానలో డాక్టరమ్మ నా కాళ్లూ చేతులూ తిప్పి చూస్తుంటే నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని తలుపు పక్కనే నిలబడిపోయింది. చురకలు పెట్టినవాళ్లను అక్కడ ఎట్లా దులిపేస్తారో ఆమె విని ఉంది. డాక్టరమ్మ మాత్రం ఆమెను దగ్గరికి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది.

"అవ్వా, ఏది ముందుగాల పెట్టినవు? ఎన్ని దినాలకు తగ్గింది?"

నాయనమ్మ మొదట తడబడింది. తర్వాత వేలితో చూపిస్తూ ఒక్కొక్కటీ చెప్పింది. మోకాలి మీది పుండు పక్కు రాలింది, చీలమండది నల్లగా ఎండింది, మోచేతిది ఇంకా పచ్చిగానే ఉంది. డాక్టరమ్మ వాటిని చూసుకుంటూ కాగితం మీద వరుసగా రాసుకుంది. నొప్పి నడిచిన దారంతా నా ఒంటి మీదే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ రోజే ఒక సూది వేసి, మమ్మల్ని వార్డులో ఉంచింది. ఆపైన నాయనమ్మతో ఒక పందెం లాంటిది కట్టింది. మణికట్టుకు నువ్వు ఏమీ పెట్టొద్దు, రెండు మూడు రోజులు నేనూ వాపు మాత్ర ఇవ్వను, ఏమవుతుందో ఇద్దరం చూద్దాం అంది. నాయనమ్మ పొద్దున లేస్తూనే నా చెయ్యి పట్టుకుని చూసేది. అంతకంటే ముందే లేచి నేను చూసుకునేదాన్ని. మూడో రోజు, చురక లేకుండానే మణికట్టు తగ్గి ఎడమ మోకాలు వాచింది. నాయనమ్మ ఆ మణికట్టును తిప్పి తిప్పి చూసింది.

"అంటే, నేను కాల్వకున్నా గది పోయేదేనా బిడ్డా?" అని డాక్టరమ్మను అడిగింది.

"పోయేదే అవ్వా. కీళ్లల్లకు సుట్టం లెక్క వచ్చిపోతది. గుండెల మాత్రం కాపురం పెడ్తది. గదే నా బుగులు."

అని తన గొట్టాన్ని నా ఛాతీకి ఆనించి, రెండో కొస నా చెవులకు పెట్టింది. నా గుండె చప్పుడు నేనే విన్నాను. రెండు దెబ్బల మధ్య చాటలో బియ్యం జారినట్టు ఉస్సుమంటోంది. అది ఉండకూడని చప్పుడట. నాకు భయం వెయ్యలేదు, ఇంకాసేపు వింటానని మారాం చేశాను. నాయనమ్మ విని, గొట్టం తీసేసి భోరుమంది.

ఇదంతా ఆ గొంతు నొప్పి తెచ్చిన తంటా అని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ గొంతు నొప్పి వస్తే గుండె ఇంకా పాడవుతుందని, అది రాకుండా నెలనెలా సూది వేయించాలని, అదీ కొన్నేళ్లపాటు మానకూడదని అంది. మాత్రలు, మంచం మీద విశ్రాంతి సరేసరి. ఆ సూది ఎంత నొప్పో వేయించుకున్నవాళ్లకే తెలుసు. నెల తిరగగానే నాయనమ్మే నన్ను బస్సెక్కించేది, నేను ఎంత ఏడ్చినా వినేది కాదు. ఊళ్లో ఏ పిల్లకు గొంతు నొప్పన్నా చెంచా పట్టుకుని బయల్దేరేది. నోరు తెరిపించి చూసి, దవాఖానకు పోయేదాకా ఆ ఇంటివాళ్లను నిలవనిచ్చేది కాదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. గుండెలో ఆ చప్పుడు సన్నగా ఉండనే ఉంది, ముదరలేదు. ఎవరైనా తెలియక చేసిన పనికి నోరు చేసుకోబోయినప్పుడల్లా, స్టూలు మీద ముడుచుకుని కూర్చున్న నాయనమ్మ గుర్తొచ్చి ఆగిపోతాను. ఆ పూట డాక్టరమ్మ ఆమెను ఒక్క మాట అని ఉంటే, రెండో నెల ఆమె నన్ను ఆ దవాఖాన మెట్లు ఎక్కించేది కాదు.