బానెట్ మీద వడియాలు

అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని ఆ వీధిలో శనివారం పొద్దున్నే బెల్ మోగితే, వచ్చింది లీలావతేనని అందరికీ తెలుసు. యాభై దాటిన మనిషి. చుడీదార్ కింద తెల్ల స్నీకర్లు, చేతిలో బస్సు టైమింగ్స్ కాగితాలు. పొల్యూషన్ గురించీ, పిల్లల ఆయాసం గురించీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, "కార్ పక్కన పెట్టండమ్మా, బస్‌లో నేను తోడొస్తాగా" అని ముగిస్తుంది. తన కారు మాత్రం ఇంటి ముందు నుంచి కదలదు. ఎండ కాస్తే దాని బానెట్ మీద పాత చీర పరిచి మినప వడియాలు పెడుతుంది. నాలుగేళ్ల కిందట కారు నడుపుతూ ఫ్రీవేలోకి, దూసుకుపోయే బళ్ల మధ్యకి మెర్జ్ అవుతుంటే వెనక ట్రక్కు హారన్ కొట్టింది. ఆ రోజు బిగుసుకుపోయిన చేతులు మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న పక్కింటి రష్మి బస్సు కాగితం కోసం తనే వచ్చి, కారు దగ్గర ఆగిపోయింది. "ఆంటీ, వారం నుంచీ ఇవి ఇక్కడే ఉన్నాయి. అసలు కార్ తియ్యరా మీరు?" ఇన్నాళ్లూ తను చెప్పిందంతా బూటకమనుకుంటుందేమోనని లీలావతికి అనిపించింది. "తియ్యను. భయం" అంది, ఒక వడియాన్ని తిరగేస్తూ. రష్మి దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "నాకూ అంతే ఆంటీ. రోజూ ఆఫీస్‌కి స్టార్ట్ అయ్యే ముందు కార్‌లో కూర్చుని ఏడుస్తా. మా ఆయనకి కూడా తెలీదు. మండే నన్నూ బస్ ఎక్కించండి."

సోమవారం ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. లీలావతి పొల్యూషన్ ఊసే ఎత్తలేదు. బస్సు ఫ్రీవేలో కలవగానే ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది: "అమ్మయ్య!"