వరద రోజు నేర్చుకున్న పోకర్

మా మామగారు మొన్న ఆదివారం పోయారు. చర్చి నుంచి వచ్చి, భోంచేసి, పడకకుర్చీలో కునుకు తీస్తూ ఆ కునుకులోనే వెళ్లిపోయారు. ఏడుస్తూనే ఉన్నాం గానీ, నొప్పి ఎరగకుండా పోయారన్న నిమ్మళం అందరికీ ఉంది.

ఆయన పెళ్లికి ముందు కాకినాడలో సరుకు ఓడల మీద వంట చేసేవారు. పోకర్ అక్కడే నేర్చుకున్నారట. ముక్కలు ముట్టుకునే ముందు వేళ్లు తువ్వాలుతో తుడుచుకోవడం ఆయనకు అలవాటు.

డెబ్బైల చివర్లో, నేను కాపురానికొచ్చిన ఏడాది గోదావరి పొంగింది. ముక్తేశ్వరం దగ్గర లంకలో మా ఇల్లు. ఏటి అవతల కె.గంగవరంలో మావారు మేష్టరు. ఆ రోజు ఇంటికొస్తానని కబురు పంపారు. ఈలోగా రేవులో పడవలు ఆపేశారన్నారు. ఆయన చివరి పడవ ఎక్కారో, అవతలే ఆగిపోయారో చెప్పేవాళ్లు లేరు. వాకిట్లోకి నీళ్లొచ్చేశాయి. నేను నిండు నెలల మనిషిని. అరుగు మీద వీధి మలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

మామగారు పేకముక్కలూ, చింతపిక్కల డబ్బా తెచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఇలా చూడమ్మా. మనిషికి ఐదు ముక్కలు. ఒకే అంకో, ఒకే బొమ్మో రెండొస్తే జత. మూడొస్తే ఇంకా మేలు. ఐదూ వరసగా వస్తే దానికన్నా మేలు. అక్కర్లేనివి ఓసారి మార్చుకోవచ్చు. ఆనక పందెం. నేనెన్ని పిక్కలేస్తే నువ్వూ అన్నెయ్యాలి, లేపోతే ముక్కలు పడెయ్యాలి."

లోపల మోకాళ్ల మీదున్న అత్తగారు తల తిప్పారు. "ప్రార్థన చేసుకునే వేళ కోడలికి పేకాట నేర్పుతారాండీ?"

"నువ్వు చేస్తన్నావు కదా. అమ్మాయి సంగతి నేను చూసుకుంటాను."

"ముక్కలు బాగోకపోతే ఏం చెయ్యాలండీ?" అన్నాను.

"మొహంలో కనపడనీకూడదమ్మా. ఆటంతా అదే."

కాసేపటికి నాకు మూడు రాణులొచ్చాయి. గెలిచి గట్టిగా నవ్వేశాను. నవ్వినందుకు నాకే సిగ్గేసింది. ఆ తర్వాతి ఆటలో ఆయన పిక్కలన్నీ ముందుకు తోసేశారు. మొహం నిబ్బరంగా ఉంది. నా దగ్గర పదుల జత ఉన్నా, భయపడి పడేశాను.

అప్పుడే వీధి మలుపు నుంచి కేక వినిపించింది. "మేష్టారొచ్చేరండోయ్!"

మామగారు ముక్కలు వదిలేసి నీళ్లలోకి దిగిపోయారు. నేను లేవబోతూ ఆయన ముక్కలు తిప్పి చూశాను. ఒక్క జత కూడా లేదు.

వీధిలో నడుంలోతు నీళ్లు. మావారు తడిసి ముద్దై పడవ దిగారు. అత్తగారు గుమ్మం పట్టుకుని గట్టిగా ఏడ్చేశారు. మామగారు మాత్రం పడవ అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"వదలండి బాబూ, అవతలి వీధిలో ఇంకా జనం ఉన్నారండి" అంటున్నాడు పడవ నడిపే అతను.

"ఆయ్, ఆయ్" అంటున్నారు గానీ, మామగారి వేళ్లు విడిపడడం లేదు.