చెయ్యెత్తమని నేర్పిన టీచరమ్మ

పోయిన వారం మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక, పులివెందులలో మా బడి వరండాలో కూర్చుని క్యారియరు మూత తీస్తున్నాను. జమ్మలమడుగు నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చిన మా తెలుగు టీచరు కాళ్లయినా కడుక్కోకుండా నేరుగా నా దగ్గరికొచ్చింది.

"మీ డ్రిల్లు టీచరమ్మ పోయిందంట మే. తెల్లారుజామున గుండెనొప్పి వచ్చిందంట. ఆస్పత్రికి తీస్కపోయేలోపలే అయిపోయిందంట" అని చెప్పింది.

"మీ" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఇన్నేళ్లుగా ఆమెను నా టీచరని ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. అట్లా చెప్పుకోవడం ఏ రోజు మానేశానో కూడా నాకు గుర్తుంది. అయినా తీసిన క్యారియరు మూత మళ్లీ పెట్టేశాను.

ఆమెలో మంచి చాలా ఉంది. ముందు అదే రాస్తాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆమె జమ్మలమడుగులో నేను చదువుకునే బడికి వచ్చింది. చిన్నతనంలోనే భర్త పోతే, మద్రాసులో డ్రిల్లు ట్రైనింగు చేసి, అక్కతో కలిసి ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకుంది. అంతకు ముందు మాకు డ్రిల్లు పీరియడంటే గోడ నీడన కూర్చుని పేలు చూసుకోవడమే. ఆమె వచ్చిన రోజే పమిట బిగించి నడుముకు దోపుకుని, మెడలో ఈలతో, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లతో మా ముందు నిలబడి, సంచీలోంచి గుండ్రటి రబ్బరు రింగు ఒకటి బయటికి తీసింది. "దీంతో ఆడల్ల. పరిగెత్తల్ల. నవ్వల్ల కూడా" అంది. అదే మేం మొదటిసారి రింగాట చూడటం. మధ్యలో వల, అటొకరు, ఇటొకరు. విసిరిన రింగును కింద పడనీయకుండా ఒక్క చేత్తో పట్టి తిరిగి విసరాలి.

రింగు ఒకటే, మేమేమో తరగతి నిండా ఉన్నాం. మరుసటి రోజు ఆమె అందరినీ ఇళ్ల నుంచి చుట్టకుదుర్లు తెమ్మంది. పెన్న నుంచి నీళ్లు మోసేటప్పుడు మా అమ్మలు నెత్తిన పెట్టుకునే గుడ్డ కుదుర్లే. వాటితో రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబెట్టి విసరడం నేర్పింది. బొటనవేలు పైన, తక్కిన వేళ్లు కింద. మోచేయి కాదు, మణికట్టు తిరగాలి. "అన్నం తట్ట పట్టుకున్నట్ల పట్టుకో. మెతుకు రాలగూడదు" అనేది. పట్టేటప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంటూ పట్టాలి. "దాన్ని కొట్టద్దు పాపా, ఇంట్లోకి పిలువు" అనేది.

ఒకసారి నేను విసిరిన కుదురు గోడ దాటి, దారిన పోతున్న వేరుశెనగ బుడ్డల బండి మీద పడింది. బండాయన గోడ మీదుగా తొంగిచూసి, "ఏంది టీచరమ్మా, కుదురు పంపించినారు, కడవ యాడ?" అన్నాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. టీచర్లు అట్లా నవ్వగలరని మాకు అంతవరకూ తెలియదు.

అన్నిటికంటే గట్టిగా ఆమె నేర్పింది ఇంకొకటి. రింగు ఒంటికి తగిలినా, రెండో చెయ్యి సాయం పట్టినా తప్పు. ఆ తప్పు ఎవరు చేస్తే వాళ్లే చెయ్యెత్తి చెప్పాలి. "అంపైరు చూసినాడా లేదా అని దిక్కులు చూడద్దు. నీకు తెలుసు గదా, చాలు" అనేది. చెయ్యెత్తిన పిల్లను అందరి ముందూ మెచ్చుకునేది. చెయ్యెత్తకుండా గెలిచిన పిల్లతో ఆ రోజంతా మాట్లాడేది కాదు. నేను ఆ మాటను ఎక్కాల్లాగా నమ్మాను.

ఆట నాకు బాగా పట్టుబడింది. ప్రొద్దుటూరులో చుట్టుపక్కల బళ్లకు పోటీ పెడుతున్నారని తెలిసి, ఆమె నన్ను పంపమని అడగడానికి మా ఇంటికొచ్చింది. మా నాయన తాలూకాఫీసులో గుమాస్తా. ఎదిగిన ఆడపిల్ల పదిమందిలో ఎగిరేది ఆయనకు ఇష్టం లేదు. ఆమె చాపమీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "అప్పా, ఈ పాప మంచికీ చెడ్డకూ నాది పూచీ. నా బిడ్డ మాదిరి తీస్కపోయి తీస్కొస్తా" అంది. చివరికి నాయన, "అట్లయితే నేను గూడా వస్తా" అన్నాడు.

బస్సులో ఆమె నా పక్కనే కూర్చుంది. ఎప్పుడూ లేనిది, చెయ్యి నా చెయ్యి మీదే ఉంచింది. "ఆడపిల్లోళ్లు గంతులేస్తాండారని ఊళ్లో పెద్దోళ్లు అంటాండారంట పాపా. గెల్చుకొస్తేనే ఈ ఆట ఉంటాది, లేకుంటే ఆ పీరియడు కుట్టుపనికి ఇచ్చేస్తానని పెద్ద టీచరమ్మ చెప్పేసింది. అప్పుడు నా ఉద్యోగం గూడా ఉండదు" అంది. ఆమె భయపడగా చూడటం నాకదే మొదలు.

చివరి ఆట దాకా గెలుస్తూ పోయాను. చివరి ఆటలో ఎదురుపిల్ల, నేను సమానంగా ఉన్నాం. ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే వాళ్లు గెలిచినట్లు. ఆ పిల్ల విసిరిన రింగు వంకర తిరుగుతూ నా మీదికే వచ్చింది. పట్టాను, కానీ చేతికి చిక్కే ముందు నా గుండెకు తగిలింది. వోణీ మీద చిన్న దెబ్బ. అంపైరుకు నా వీపే కనిపిస్తోంది. ఎదురుపిల్ల కూడా చూడలేదు. మా బడి పిల్లలు అప్పటికే చప్పట్లు మొదలుపెట్టారు.

నేను చెయ్యెత్తాను.

చప్పట్లు ఆగిపోయాయి. అంపైరు దగ్గరికొచ్చి అడిగి, పాయింటు అవతలి పిల్లకిచ్చాడు. ఓడిపోయాను. కానీ నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు దిగులు లేదు. టీచరమ్మ వచ్చి వీపు తడుతుందనే అనుకున్నాను. చెయ్యి ఇంకా దించకుండానే ఆమె కోసం చూశాను.

ఆమె ముఖం తిప్పుకుంది.

పోటీ చూడటానికి వచ్చిన పెద్ద టీచరమ్మ దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా? గెలిచినట్లే అంటిరి గదా?" అని అడిగింది. నేను, నాయన పక్కనే ఉన్నాం.

"ఆ పాపకు రూల్సు ఎక్కల్యా టీచర్" అంది డ్రిల్లు టీచరమ్మ. "ఎన్నితూర్లు చెప్పినా అంతే. రింగు తగిలిందీ లేదు, ఏమీ లేదు. జనాన్ని చూసి బెదిరిపోయి చెయ్యెత్తింది. దానికి నేనేం జేసేది?"

చెయ్యెత్తమని నేర్పించింది ఆమే కదా, ఇప్పుడైనా సర్దుకుని చెబుతుందని ఆమె నోటివైపే చూస్తూ నిలబడ్డాను. ఆమె ఈల తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది.

తిరుగు బస్సులో నాయన మెల్లగా అడిగాడు. "నిజంగా బెదిరిపోయి ఎత్తినావా మ్మా?"

"ల్యా నాయనా. తగిలింది."

"మరి ఆయమ్మ అట్లంటాందే?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నాయన నన్ను నమ్మాడు. నమ్మాడు కాబట్టే ఇంటికి రాగానే, "ఆట తప్పని నేననను. మాట మీద నిలబడని మనిషి దగ్గరికి మాత్రం నిన్ను పంపను" అన్నాడు. ఆ తర్వాత నేను రింగు పట్టలేదు.

పోటీ ఓడినా ఆట పోలేదు. పెద్ద టీచరమ్మ ఎందుకో మనసు మార్చుకుంది. టీచరమ్మ ఉద్యోగమూ నిలబడింది. డ్రిల్లు పీరియడులో నేను గోడ దగ్గర కూర్చుని చూసేదాన్ని. ఆమె నన్ను ఒక్కసారీ పిలవలేదు. కొన్నాళ్లకు నా స్నేహితురాలు వచ్చి, "ఇప్పుడు చెయ్యెత్తమని చెప్పడం ల్యా మే. ఈల పడితేనే తప్పంట" అంది. ఆ రోజు ఇంటికి పోయి చాలాసేపు ఏడ్చాను. నన్ను వదిలేసింది సరే, ఆ మాటను కూడా ఎందుకు వదిలేసింది?

తర్వాత టీచరు ట్రైనింగు చేసి పులివెందులలో చేరాను. డ్రిల్లుకు మనిషి లేక ఆ పీరియడు నా మీద పడింది. నాకు వచ్చిన ఆట అదొక్కటే. బొటనవేలు పైన, తక్కిన వేళ్లు కింద. పిల్లలకు చెబుతుంటే నా నోట్లో ఆమె గొంతు వినిపించేది. కోపమొచ్చేది. అయినా వేరే విధంగా చెప్పడం నాకు రాలేదు.

పోయిన ఏడు ఆమె తన బడి పిల్లలను తీసుకుని మా బడికి ఆటకొచ్చింది. జుట్టు నెరిసింది, నడక మాత్రం అదే. ఆట మధ్యలో మా పిల్ల ఒకతె చెయ్యెత్తి, "నాకు తగిలింది" అంది. ఆమె ఉలిక్కిపడినట్లు నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినావా?"

"మీరు చెప్పిందే టీచర్" అన్నాను.

ఏదో అనబోయింది. నేను ఎదురుచూశాను. ఆట అయ్యేదాకా, టీ తాగేదాకా, బస్సు వచ్చేదాకా ఎదురుచూశాను. కిటికీ పక్కన కూర్చున్నాక, "బాగా నేర్పిస్తాండావు పాపా" అంది. అంతే. బస్సు కదిలింది. నాకు కావలసిన మాట అది కాదని ఆమెకు తెలుసు. తెలుసని నాకు తెలుసు. ఇంకెప్పుడైనా అంటుందిలే అనుకున్నాను.

కబురు తెలిసిన మరునాడు జమ్మలమడుగు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఇంటి ముందు పాత విద్యార్థినులు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరూ ఆమె మంచితనం చెప్పుకుంటున్నారు. ఒకామె నా భుజం పట్టుకుని, "నీకు శానా నేర్పించింది గదా మే, నువ్వూ ఒక మాట చెప్పు" అంది. "అవును, నేర్పించింది" అన్నాను. కోపం పోయి కాదు. కోపం ఉండగానే ఏడుపొచ్చింది. నాకు సమాధానం చెప్పాల్సిన మనిషి ఒకతే, ఆమె వెళ్లిపోయింది.

ముఖం కడుక్కుందామని పెరట్లోకి వెళ్లాను. ఆమె అక్క తొట్టి దగ్గర కూర్చుని ఉంది. చెంబు అందిస్తూ, గోడవైపు చూపించింది. "మొన్న సాయంత్రం సుద్ద పూసి పెట్టింది. పొద్దున బడికి ఏసుకపోవల్లని" అంది.

గోడ మీద ఆమె కాన్వాసు బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. తెల్లగా, ఎండకు మెరుస్తూ. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఉతికి పక్కన ఆరేసిన లేసులు ఎప్పుడో ఎండిపోయి, పెన్న వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా గోడ మీద కొంచెం కొంచెం జరుగుతున్నాయి.